డాలరు పది కాలాలు నిలిచే చోటు

పదవీ విరమణ దగ్గరపడుతోంది, దాచిన డబ్బు చాలదేమోనన్న దిగులు పట్టుకుంది. అమెరికాలో అలాంటి ఉద్యోగి మొదట చేసే పని దేశాల పేర్లు రాసుకోవడం. మెక్సికో, పనామా, పోర్చుగల్, థాయిలాండ్. వయసు యాభై దాటి, బ్యాంకులో 8 లక్షల బాట్‌లు చూపించగలిగితే థాయిలాండ్ ఏడాదికోసారి పొడిగించుకునే వీసా ఇస్తుంది. మలేసియా 2002 నుంచి 'మలేసియా మై సెకండ్ హోమ్' అంటూ పరాయి దేశాల పెద్దలను పిలుస్తోంది. భారతదేశం అలాంటి వీసా ఏదీ పెట్టలేదు. అయినా పరదేశంలో కూడబెట్టిన సొమ్ముతో శేషజీవితం గడపడానికి జనం వచ్చి దిగే ప్రాంతం ఒకటి మన దగ్గర తయారైంది. మాదాపూర్‌లో మొదలై, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ మీదుగా కోకాపేట, తెల్లాపూర్ దాకా సాగిన సైబరాబాద్ అది. ఇక్కడికి వచ్చేవారు పరాయివాళ్లు కారు. వెళ్లినవాళ్లే.

అయితే వాళ్లు సొంతూరికి రావడం లేదు. తెనాలి నుంచో, జగిత్యాల నుంచో, కడప నుంచో బయల్దేరి న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనో డాలస్ పక్కన ఫ్రిస్కోలోనో పాతికేళ్లు గడిపిన మనిషి తిరుగు ప్రయాణంలో శంషాబాద్‌లో దిగి, అవుటర్ రింగు రోడ్డు మీద అరగంటలో ఫ్లాటుకు చేరుకుంటాడు. సొంతూరు పండగలకూ పెళ్లిళ్లకూ మిగిలింది. కృష్ణా, గుంటూరు జిల్లాలవారికైతే 2014 జూన్ 2 తర్వాత ఇది పొరుగు రాష్ట్రం కూడా. ఆ లెక్కన పుట్టిన జిల్లాను బట్టి చూస్తే వాళ్లు ఇంకా బయటే ఉన్నట్టు. ఆ సంగతి ఎవరూ పట్టించుకోరు. ఎందుకంటే వాళ్లు ఎంచుకున్నది ఊరిని కాదు, ఒక ధరల పట్టికను. ఆ పట్టిక ఎలా తయారైందో, తర్వాత ఎలా తిరగబడిందో చెప్పేదే ఈ ప్రాంతపు గత ముప్ఫయ్యేళ్ల చరిత్ర.

సైబరాబాద్ పుట్టకముందు కూడా హైదరాబాద్‌కు పింఛనుదారులు కొత్త కాదు. సికింద్రాబాద్ కంటోన్మెంటులో కొలువు చేసిన సైనికాధికారులు సైనిక్‌పురిలో ఇళ్లు కట్టుకున్నారు. బీహెచ్ఈఎల్, ఈసీఐఎల్, రైల్వే, సచివాలయ ఉద్యోగులు హౌసింగ్ సొసైటీల్లో సభ్యత్వం తీసుకుని, వాయిదాలు కట్టి, రెండు వందల గజాల్లో ఇల్లు లేపి, ముందు ఒక వేప, వెనుక ఒక జామ పెంచారు. సర్కారు కొలువు చేసినవారికి పెద్ద మూటలు లేవు గానీ నెలనెలా పింఛను ఉండేది, ధరలు పెరిగితే దానితో పాటు కరువు భత్యమూ పెరిగేది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004 సెప్టెంబరు 1 నుంచి కొత్తగా చేరిన ఉద్యోగులకు ఆ హామీ తీసేసి, వాటాలు కట్టే పద్ధతి తెచ్చింది. అమెరికా ఉద్యోగి చాలాకాలంగా మోస్తున్న బరువు, అంటే చివరిదాకా సరిపడే మూటను ఎవరికి వారే కట్టుకోవాల్సిన బరువు, ఆ రోజు నుంచి తెలుగు గుమాస్తా నెత్తికీ వచ్చింది.

ఇప్పుడు సైబరాబాద్ అంటున్న వైపు అప్పట్లో ఎవరూ విశ్రాంతి కోసం వెళ్లలేదు. అక్కడ ఉన్నవి 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ గుట్టలు, సీతాఫలం పొదలు, చెరువులు, చిన్న ఊళ్లు. రాయదుర్గ్ పాన్‌మక్తా లాంటి పేర్లు రెవెన్యూ దస్తావేజుల్లో నిజాం కాలపు మక్తా భూములను ఈ రోజుకీ గుర్తుచేస్తాయి. ఆ వైపు తొలినాళ్లలో వచ్చిన పెద్ద సంస్థల్లో ఒకటి 1974లో ఏర్పడిన హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం. నగరంలో ఉండేవారికి అది ఊరవతల.

అమెరికా దారి అంతకు ముందే తెరుచుకుంది. 1965లో అక్కడి వలస చట్టం మారింది. అదే ఏడాది పుట్టిన వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్‌తో డాక్టర్ల అవసరమూ పెరిగింది. విశాఖ, గుంటూరు, కాకినాడ, హైదరాబాద్ వైద్య కళాశాలల పట్టభద్రులు ఆ దారిన వెళ్లారు. వాళ్ల సంఘం తానా తొలి మహాసభ 1977లో న్యూయార్క్‌లో జరిగింది. దాని మొదటి అధ్యక్షుడు రేడియాలజిస్టు కాకర్ల సుబ్బారావు. 1925లో పుట్టిన ఆయన అరవయ్యో పడిలో, ఎన్.టి.రామారావు పిలుపుతో వెనక్కి వచ్చి హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రి డైరెక్టరయ్యారు. కంటి వైద్యుడు గుళ్లపల్లి నాగేశ్వరరావు ఇంకా ముందే, 1981లో, రోచెస్టర్ నుంచి తిరిగొచ్చి, 1987లో ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టారు. అలా తిరిగొచ్చినవారి పేర్లు ఇప్పటికీ చెప్పుకుంటున్నామంటే వాళ్ల సంఖ్య ఎంత తక్కువో తెలుస్తుంది. వాళ్లలో ఎవరూ డబ్బు ఆదా చేసుకుందామని రాలేదు. పని చేయడానికి వచ్చారు. మిగతావారికి ఆ రోజుల్లో దారి అంత సులువు కాదు. టెలిఫోను కోసం ఏళ్ల తరబడి వరుసలో ఉండాలి. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు ఇక్కడ ఇల్లు కొనడం 1973 నాటి ఫెరా చట్టం కింద రిజర్వు బ్యాంకు అనుమతితో ముడిపడిన పని. ఆ చట్టం పోయి ఫెమా అమల్లోకి వచ్చింది 2000 జూన్ 1న.

అప్పటికి మాదాపూర్‌లో పది అంతస్తుల సైబర్ టవర్స్ లేచి ఏడాదిన్నర దాటింది. ఎల్ అండ్ టీ, రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఏపీఐఐసీ కలిసి కట్టించిన ఆ భవనాన్ని 1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి ప్రారంభించారు. అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు అమెరికా కంపెనీల ముందు పెట్టిన బేరం సూటిది. మీ పనే, మా మనుషులు, మా రూపాయి జీతాలు. డాలరు అప్పుడు 41 రూపాయల దగ్గర ఉంది. కంప్యూటర్లకు 2000 సంవత్సరం తేదీల గండం దాటించడానికి అమెరికాకు ప్రోగ్రామర్లు కావలసివచ్చారు. ఆ దేశం ఏటా 65 వేలుగా ఉన్న హెచ్-1బీ ఉద్యోగ వీసాల పరిమితిని లక్షా 15 వేలకు, ఆపైన లక్షా 95 వేలకు పెంచింది. అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ కోచింగ్ సెంటర్లు వెలిశాయి. వీసా కోసం చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు, వచ్చాక మొక్కు తీర్చడానికి నూట ఎనిమిది. 2000 మార్చి 24న బిల్ క్లింటన్ హైటెక్ సిటీకి వచ్చి వెళ్లాక, ఆ బేరం గురించి నగరంలో ఎవరికీ వివరించాల్సిన పని లేకుండా పోయింది.

ఆ బేరానికి ఇంకో కొస ఉందని అప్పట్లో తక్కువమంది గమనించారు. డాలరు కంపెనీకి ఇక్కడి జీతం చౌక అయితే, డాలరు దాచుకున్న మనిషికి ఇక్కడి బతుకూ చౌకే. కంపెనీ పనిని ఇటు పంపడానికి వేసిన కూడికా, ఉద్యోగి తనను తాను ఇటు పంపుకోవడానికి వేసిన కూడికా ఒకటే.

ఆ రెండో కూడికకు ప్రభుత్వ ముద్ర పడింది కూడా హైదరాబాద్‌లోనే. 2006 జనవరిలో ఇక్కడ జరిగిన ప్రవాసీ భారతీయ దివస్ వేదిక మీద ప్రధాని మన్మోహన్ సింగ్ తొలి ఓసీఐ (ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా) పత్రాలు అందజేశారు. వాటితో భారత పౌరసత్వం వదులుకున్నవారు కూడా జీవితాంతం వీసా లేకుండా వచ్చిపోవచ్చు, ఉండిపోవచ్చు, ఇల్లు కొనుక్కోవచ్చు. ఓటు లేదు. వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్ కొనే వీలు లేదు. ఈ చివరి నిబంధన చిన్నదే గానీ, చేవెళ్ల, శంకర్‌పల్లి దారుల్లో 'ఫామ్ ప్లాట్' బోర్డు చూసి ముచ్చటపడే అమెరికా పౌరులకు గట్టిగా తగిలేది ఇదే. దస్తావేజులో అది ఇంకా సాగు భూమి అయితే, పేపరు మీద ఎంత అందమైన లేఔటు గీసినా వాళ్ల పేర కొనకూడదు.

2008 ఒక్క ఏడాదిలోనే చాలా జరిగింది. మార్చిలో బేగంపేట విమానాశ్రయం మూతపడి శంషాబాద్ తెరుచుకుంది. అక్టోబరులో అమెరికా కాన్సులేట్ వచ్చింది. అంతకుముందు తెలుగువాళ్లు వీసా ఇంటర్వ్యూ కోసం చెన్నై దాకా వెళ్లేవారు. నవంబరులో గచ్చిబౌలి నుంచి శంషాబాద్‌కు అవుటర్ రింగు రోడ్డు తొలి ముక్క తెరిచారు. మధ్యలో, సెప్టెంబరులో, లేమన్ బ్రదర్స్ దివాలా తీసింది. అక్కడ కొలువులు ఊగుతున్న సమయానికి ఇక్కడ రోడ్డూ విమానాశ్రయమూ సిద్ధంగా ఉన్నాయి. 'వెనక్కి వెళ్లిపోదామా' అన్న మాట అమెరికా తెలుగిళ్లలో భోజనాల బల్ల దగ్గర మామూలు మాటైంది. దానికి వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు ఆర్‌టూఐ, అంటే రిటర్న్ టు ఇండియా.

అలా వచ్చినవారికి తొలి దెబ్బ కూడా వెంటనే తగిలింది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు లెక్కలు తారుమారు చేసినట్టు లేఖలో ఒప్పుకున్నారు. ఆ ఒక్క రోజులో షేరు విలువలో మూడొంతులకు పైగా ఎగిరిపోయింది. షేర్లు దాచుకున్నవారి సంగతి అలా ఉంచితే, అదే కుటుంబానికి చెందిన మేటాస్ సంస్థ బాచుపల్లి దగ్గర కడుతున్న హిల్ కౌంటీలో ఇళ్లు బుక్ చేసుకున్నవారు నడిమధ్య చిక్కుకున్నారు. తర్వాత ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ చేతుల్లోకి వెళ్లి ఆ సంస్థ పేరు మారింది, ఆలస్యంగా ఇళ్లు వచ్చాయి. మణికొండలోని ల్యాంకో హిల్స్ నేల వక్ఫ్‌దా ప్రభుత్వానిదా అన్న వివాదం 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ప్రభుత్వం వైపు తీర్పు చెప్పేదాకా సాగింది. వీటన్నింటికీ ముందే 2001, 2002లలో కృషి, చార్మినార్ సహకార బ్యాంకులు మూతపడి, ఎక్కువ వడ్డీకి ఆశపడ్డ రిటైర్డ్ ఉద్యోగుల డిపాజిట్లను ముంచాయి. నగరంలో ఎప్పటి నుంచో ఉన్నవాళ్లకు ఆ జ్ఞాపకం ఉంది. ఖండాంతరం నుంచి వచ్చినవాళ్లకు లేదు. దూరాన ఉండి కొనేవాడి డబ్బు ఈ నగరంలో ఎప్పుడూ ఎక్కువ ప్రమాదంలోనే ఉంది. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా ఏర్పడి, ఆగస్టు 24న మాదాపూర్ తమ్మిడికుంట ఒడ్డున ఉన్న ఎన్ కన్వెన్షన్ ఫంక్షన్ హాలును కూల్చాక, చెరువు పూర్తి నీటిమట్టం గీత ఎక్కడుందో ప్రవాసులు కూడా అడగడం నేర్చుకున్నారు.

ఇక అసలు లెక్క. 1998లో దంపతులెవరో నెలకు 2,000 డాలర్ల స్థిరమైన ఆదాయం ఏర్పాటు చేసుకుని వచ్చారనుకుందాం. అప్పటి రేటున 82 వేల రూపాయలు. ఆ రోజుల్లో మాదాపూర్‌లో అది రాచ జీవితం. 2024లో డాలరు సగటున 83 రూపాయలు దాటింది. అదే 2,000 డాలర్లకు లక్షా 67 వేలు వచ్చాయి. రెట్టింపైందని సంతోషించే ముందు బజారుకు వెళ్లి రావాలి. పారిశ్రామిక కార్మికుల వినియోగ ధరల సూచీ ప్రకారం ఈ పాతికేళ్ల పైచిలుకులో దేశంలో ధరలు నాలుగున్నర రెట్లయ్యాయి. అంటే 2024 నాటి లక్షా 67 వేలతో 1998లో 40 వేలకు వచ్చినంత సరుకు కూడా రాలేదు. రూపాయి పడిపోతుంది కాబట్టి డాలరు దాచుకున్నవాడికి భయం లేదన్న నమ్మకం తెలుగు ప్రవాసుల్లో బలంగా ఉంది. రూపాయి పడిన మాట నిజమే. ధరలు దాన్ని మించి పరుగెత్తాయి.

ఆదాయం ఎలాంటిదన్న దాన్ని బట్టి కథ మారుతుంది. అమెరికా సోషల్ సెక్యూరిటీ అక్కడి ధరలతో పాటు ఏటా పెరుగుతుంది. 1998లో మొదలైన పింఛను 2024 నాటికి డాలర్లలోనే దాదాపు రెండింతలైంది. రూపాయి మారకాన్ని దానికి కలిపితే హైదరాబాద్ ధరలను పూర్తిగా అందుకోలేకపోయినా మరీ వెనకబడలేదు. అదే లండన్ నుంచి వచ్చినవారి పరిస్థితి వేరు. బ్రిటన్ ప్రభుత్వ పింఛను, భారత్, ఆస్ట్రేలియా, కెనడా లాంటి దేశాల్లో స్థిరపడినవారికి, వెళ్లిన నాటి మొత్తం దగ్గరే ఆగిపోతుంది. ప్రపంచంలో నాలుగున్నర లక్షల మంది ఇలా స్తంభించిన పింఛను మీద ఉన్నారు. 1998లో 68 రూపాయలున్న పౌండు 2024లో 107 దగ్గరికి చేరింది. ధరలు నాలుగున్నర రెట్లయితే ఆదాయం ఒకటిన్నర రెట్లు. 1998లో అలా వచ్చిన బ్రిటన్ పింఛనుదారు కొనుగోలు శక్తిలో మూడింట రెండు వంతులు కరిగిపోయింది.

అమెరికా పింఛనుకూ షరతులున్నాయి. ఏడాదికి నాలుగు చొప్పున 40 క్రెడిట్లు, అంటే కనీసం పదేళ్ల పని కావాలి. రెండు దేశాల మధ్య సామాజిక భద్రతా ఒప్పందం లేదు. ఆరేళ్ల హెచ్-1బీ ముగించుకుని తిరిగొచ్చిన ఇంజినీరు జీతం నుంచి కోసిన సొమ్ము అక్కడే ఉండిపోతుంది. గ్రీన్‌కార్డు వరుసలో దశాబ్దం నిలబడినవాడికి మాత్రం ఆ నిరీక్షణలోనే 40 క్రెడిట్లు పూర్తవుతాయి. గ్రీన్‌కార్డు రాకపోయినా పింఛను వస్తుంది. అయితే భారత పౌరుడిగా ఇక్కడ ఉంటూ తీసుకునేవారి నుంచి అమెరికా 25.5 శాతం పన్ను ముందే పట్టుకుంటుంది. అమెరికా పౌరుడైతే ఆ కోత లేదు, బదులుగా ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా అక్కడ రిటర్ను వేయాలి. బతికే ఉన్నామని నిరూపించే కాగితం కూడా ఉంది. ఇక్కడి పింఛనుదారు నవంబరులో జీవన ప్రమాణ పత్రం ఇచ్చినట్టే, వాళ్లు ఏడాదికో రెండేళ్లకో వచ్చే ప్రశ్నపత్రాన్ని నింపి పంపాలి.

ఇంకో మినహాయింపు ఉంది, తిరుగు ప్రయాణం తేదీని నిర్ణయించేది తరచూ అదే. గత పదేళ్లలో తొమ్మిదేళ్లు ప్రవాసిగా ఉన్నవారికి, లేదా ఏడేళ్లలో 729 రోజులకు మించి ఇక్కడ గడపనివారికి, తిరిగొచ్చాక రెండు మూడేళ్ల పాటు విదేశీ ఆదాయంపై భారత్ పన్ను అడగదు. ఆ వ్యవధిలో ఒక్క ఏడాది కూడా వృథా కాకుండా ఏ నెలలో దిగాలో ఆడిటర్ చెబుతాడు. ముహూర్తం పంతులుగారు పెట్టే రోజులు పోయాయి. ఆ గడువు ముగిశాక అమెరికా రిటైర్‌మెంటు ఖాతాల మీద పన్ను ఏ దేశం ఎప్పుడు వేయాలన్న చిక్కు వస్తుంది. దాన్ని సడలించడానికి 2021లో ఆదాయపన్ను చట్టంలో 89ఏ సెక్షన్ చేర్చారు. అమెరికా, బ్రిటన్, కెనడాలకు అది వర్తిస్తుంది.

ఈ లెక్కల్లో భార్యల వాటా ప్రత్యేకంగా చెప్పుకోవాలి. హెచ్-4 వీసా మీద వెళ్లిన తెలుగు ఆడవాళ్లలో ఇంజినీర్లు, డాక్టర్లు, టీచర్లు ఉన్నారు. 2015 మే దాకా ఆ వీసా మీద పని చేసే వీలే లేదు, ఆ తర్వాతా కొందరికే. ఏళ్ల తరబడి ఇల్లు నడిపి, పిల్లల్ని పెంచి, తమ పేర ఒక్క క్రెడిట్ కూడా లేకుండా తిరిగొచ్చినవారు ఉన్నారు. భర్త పింఛను మీద ఆధారపడే వాటా వాళ్లకు రావచ్చు. అమెరికా పౌరులు కాకపోతే దాన్ని ఇక్కడ అందుకోవడానికి అక్కడ ఐదేళ్లు భార్యగా నివసించి ఉండాలన్న నిబంధన ఒకటుంది. కూడబెట్టిందెంత అన్న ప్రశ్నకు భర్త చెప్పే అంకె ఒకటి. ఆయన తర్వాత ఆమెకు మిగిలే అంకె ఇంకొకటి. రెండోదాన్ని చాలా ఇళ్లలో ఎవరూ కూడరు. అయినా వెనక్కి రావాలన్న మాట మొదట ఎత్తేది తరచూ ఆమే. అక్కడ అరవయ్యేళ్ల వయసులో కూడా వంట, గిన్నెలు, బట్టలు, మంచు ఎత్తిపోయడం అన్నీ సొంత చేతులతోనే.

మనుషుల చాకిరీయే ఇక్కడ ఇంకా చౌకగా మిగిలింది. వంటమనిషి, పనిమనిషి, డ్రైవరు, మంచాన పడితే రాత్రీ పగలూ చూసుకునే ఆయా. వీళ్లంతా గచ్చిబౌలి అంజయ్యనగర్, సిద్ధిఖీనగర్ ఇరుకు గదుల నుంచి, గోపన్‌పల్లి తండా నుంచి పొద్దున్నే గేటు దగ్గరికొచ్చి సంతకం పెట్టి లోపలికి వెళ్తారు. ఆ గేట్లు కట్టిన చేతులు పాలమూరువి, శ్రీకాకుళానివి. సైబరాబాద్‌లో అద్దెలు పెరిగే కొద్దీ వాళ్లూ దూరం జరుగుతున్నారు, జీతాలు పెంచమంటున్నారు. డాలరు పింఛనుదారుకు అది ఖర్చు. వాళ్లకు అది ఇన్నాళ్లకు అందిన న్యాయంలో కాస్త.

రెండో ఆకర్షణ ఆసుపత్రి. అమెరికా మెడికేర్ ఆ దేశం దాటితే పనికిరాదు. అయినా జనం ధైర్యంగా వస్తున్నారంటే ఇక్కడ చేతి డబ్బుతో చేయించుకున్నా అక్కడి బిల్లుల కంటే ఎంతో తక్కువ కాబట్టి. 1988లో జూబ్లీహిల్స్‌లో వచ్చిన అపోలో ఆ నమ్మకానికి పునాది వేసింది. సోమాజిగూడలో పెరిగిన ఏఐజీ గచ్చిబౌలిలో పెద్ద ఆసుపత్రి కట్టింది. నానక్‌రాంగూడలో 2013లో కాంటినెంటల్ ఆసుపత్రిని పెట్టిన గురు ఎన్.రెడ్డి స్వయంగా అమెరికా నుంచి తిరిగొచ్చిన డాక్టరు. బీమా సంగతి మాత్రం చాలాకాలం ఇబ్బందే. కొత్త పాలసీకి 65 ఏళ్ల గరిష్ఠ వయసు నిబంధనను నియంత్రణ సంస్థ 2024 ఏప్రిల్‌లో ఎత్తేసింది. ఎత్తేసినంత మాత్రాన ప్రీమియం తగ్గలేదు. మధుమేహం లాంటి పాత జబ్బులకు మూడేళ్ల దాకా ఆగాల్సిరావచ్చు.

నేల విషయానికొస్తే చౌక అన్న మాట ఎప్పుడో చెరిగిపోయింది. కోకాపేట నియోపోలిస్ వేలంలో 2023 ఆగస్టు 3న ఒక ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. కోటీ 20 లక్షల డాలర్ల పైచిలుకు. మెర్సర్ సంస్థ అదే ఏడాది 227 నగరాల ఖర్చు జాబితాలో హైదరాబాద్‌ను 202వ స్థానంలో, అంటే చౌకైన నగరాల కొసన ఉంచింది. రెండూ అబద్ధం కావు. ఇడ్లీ, ఆటో, కూరగాయలు, మెట్రో టికెట్టు ఆ జాబితాకు తగ్గట్టే ఉన్నాయి. ఉండటానికి చోటు మాత్రం వేరే ప్రపంచం ధరలో ఉంది. ఈ ధర పెంచినవారిలో తిరిగొచ్చినవారి పొదుపు ఉంది, తిరిగి రాకుండానే కొని తాళం వేసినవారి పెట్టుబడి అంతకన్నా ఎక్కువ ఉంది, 2019లో తొమ్మిదిన్నర ఎకరాల క్యాంపస్ తెరిచిన అమెజాన్ లాంటి కంపెనీల జీతాలున్నాయి. జీతాల తేడా మీద పుట్టిన ప్రాంతం ఆ తేడాను తానే మింగేసింది. 2000లో ఫ్లాటు కొన్నవాడికి అది వరం. 2025లో 401-కే అనే అమెరికా రిటైర్‌మెంటు ఖాతా పట్టుకుని వచ్చినవాడు అదే ఫ్లాటుకు తన మూటలో పెద్ద ముక్క కోసి ఇస్తే, మిగిలినదాని మీద ముప్ఫయ్యేళ్లు గడవాలి. మొదటి ఏడాది మూటలో నాలుగు శాతం తీసి, తర్వాత ధరల మేరకు పెంచుకోవచ్చని అమెరికా ఆర్థిక సలహాదారు బిల్ బెంగెన్ 1994లో చెప్పిన సూత్రాన్ని చాలామంది ఇక్కడికీ తెచ్చుకుంటారు. అది అమెరికా షేర్లు, బాండ్ల చరిత్ర మీద, అక్కడి ద్రవ్యోల్బణం మీద కట్టిన సూత్రం.

అందరికీ ఇలా లెక్కలు వేసుకునే వెసులుబాటు కూడా లేదు. అదే శంషాబాద్‌లో దుబాయ్, మస్కట్ విమానాలు దిగుతాయి. సిరిసిల్ల, కోరుట్ల, మెట్‌పల్లి, నిజామాబాద్ పల్లెల నుంచి వెళ్లిన కార్మికుడు అక్కడ ముప్ఫయ్యేళ్లు పనిచేసినా పౌరుడు కాడు, నెలనెలా పింఛను రాదు. యూఏఈలో అయితే మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల జీతం చొప్పున, తర్వాత 30 రోజుల చొప్పున గ్రాట్యుటీ ఇస్తారు, యజమాని సవ్యంగా ఇస్తే. ఇలాంటివారి కోసం కేంద్రం 2012లో మహాత్మా గాంధీ ప్రవాసీ సురక్షా యోజన పెట్టింది. చేరినవారు తక్కువని 2017లో మూసేసింది. గల్ఫ్ కార్మికుడు గచ్చిబౌలి మీదుగా బస్సులో వెళ్లిపోతాడు, దిగడు. 2023-24లో దేశానికి వచ్చిన ప్రవాస సొమ్ములో అమెరికా వాటా 27.7 శాతమని, అది గల్ఫ్ దేశాల్లో ఏ ఒక్కదాని వాటానైనా మించిపోయిందని రిజర్వు బ్యాంకు సర్వే చెప్పింది. ఆ మార్పు తెలంగాణలో రోడ్డు మీదే కనిపిస్తుంది, కరీంనగర్ వైపు కాక కోకాపేట వైపు వెళ్తే.

2023 మార్చిలో అమెరికా కాన్సులేట్ బేగంపేటలోని పైగా ప్యాలెస్‌ను వదిలి నానక్‌రాంగూడలో కొత్త భవనంలోకి మారింది. వెళ్లేవారి వరుసా, వచ్చి స్థిరపడినవారి అపార్టుమెంట్లూ ఇప్పుడు పక్కపక్కనే. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించాక ఆ వరుసలో ఆందోళన పెరిగింది, అపార్టుమెంట్ల వైపు విచారణలూ పెరిగాయి. మధ్యే మార్గం పట్టినవారూ ఉన్నారు. పిల్లలు అమెరికాలో పుట్టి అక్కడే స్థిరపడ్డారు, మనవలూ అక్కడే. చలికాలం ఇక్కడ, వేసవి అక్కడ. రెండిళ్ల ఖర్చు, రెండు రిటర్నులు, రెండు బీమాలు. పొదుపు కోసం మొదలుపెట్టిన ఏర్పాటు చివరికి అన్నింటికంటే ఖరీదైనదిగా తేలుతుంది.

మూట చిన్నదైనవారు మాత్రం మ్యాపులో ఇంకాస్త దూరం చూస్తున్నారు. తెల్లాపూర్ దాటి కొల్లూరు, శంకర్‌పల్లి, సంగారెడ్డి. అక్కడి నుంచి గచ్చిబౌలి ఆసుపత్రికి ఎంతసేపు పడుతుందన్నది మొదటి ప్రశ్న, కుళాయిలో మంజీరా నీళ్లు వస్తాయా లేక ట్యాంకరేనా అన్నది రెండోది, నెలవారీ మెయింటెనెన్స్ చదరపు అడుగుకు ఎంతన్నది మూడోది. ఇంకొందరు అసలు సైబరాబాదే వద్దనుకుని విశాఖలో, తిరుపతిలో, వరంగల్‌లో అద్దెలు వాకబు చేస్తున్నారు. కోకాపేటలో ఒక ఫ్లాటు ధరకు అక్కడ ఇల్లూ దొరుకుతుంది, బ్యాంకులో నాలుగు డబ్బులూ మిగులుతాయి.